సట్టి దిగకు

రుషికేశ్ మీది కొండదారి
12 మే 1957

లక్సెట్టిపేటల ఉన్న మా లింగమూర్తి బావకు సుల్తానాబాద్ దర్జీ రాజం వంగి పెట్టే శనార్తులు.

ఈడ నేను, అక్క మంచిగున్నం. ఆడ నువ్వు, శంకరవ్వత్త, ఎడ్లు మంచిగున్నరనుకుంట. ఎడ్లు అని రాసినందుకు కోపానికి రాకు బావా. రాసినంక సూసుకున్న. కొట్టేస్తె కాయితం కరాబైతదని ఉంచిన.

మూడేండ్ల కింద నేను చేసిన పని నేను మర్వలే. తసీల్దారు రాసినట్టు దొంగ కాయితం పుట్టిచ్చి, నీ ఎద్దుకు సర్కారు మెడలు, గదే బంగారు బిళ్ల, ఇస్తదని నమ్మిచ్చిన. నువ్వు దాని కొమ్ములకు రంగేసి, మెడల దండేసి కచ్చేరికి తోలుకపోతివి. అదేమొ పేష్కారు బల్ల మీది కాయితాలు నమిలె. అప్పటిసంది ఊల్లె నిన్ను మెడలు లింగమూర్తి అంటుండ్రు. అప్పటిసందే నువ్వు మా గడప తొక్కుతలేవు. నాకు సిగ్గున్నది బావా. ఎదురుంగ నిలవడి చెప్ప శాతగాక, అక్కను బద్రి యాత్రకు నేను తీసుకపోత, నువ్వు పొలం సూసుకో అని ముందుకు వచ్చిన. తిరిగి వచ్చినంక మా ఇంట్ల గంగపూజ చేస్త. అక్క పక్కపొంటి నువ్వు పీట మీద కూసోకుంటె అది గంగపూజ ఎట్లయితది? నువ్వు రావాలె. నేనడిగేది గంతే.

ఇగ ఈడి ముచ్చట. బస్సు దించిన కాడి నుంచి నడకనే. దారి పొంటి కోసుకొక సట్టి ఉన్నది. పొద్దుగూకితె అండ్లనే ఉంటం. సట్టాయన దగ్గర పిండి, పప్పు, నెయ్యి కొనుక్కుంటె సట్టిల పండనిస్తడు, పండినందుకు ఏం తీసుకోడు. మూతి చిన్నది, వంగి దూరాలె. లోపల పొగ పట్టి నల్లగ నిగనిగలాడుతది. మీద గడ్డి కప్పిండ్రు. నడుమ పొయ్యి ముట్టిచ్చిండ్రు. నిన్న ఒక్క సట్టిల పదిహేను మందిమి ఇరికినం. ఒకలు ఒత్తిగిల్లితె అందరం ఒత్తిగిల్లుడే. సలికి దుప్పటి గుంజుకొని కప్పుకున్న, మస్తు ఎచ్చగుండె. తెల్లారి సూస్తె అది సట్టాయన కుక్క. నా దిక్కు సూసి అదే సిగ్గుపడ్డది.

మా గుంపుల నర్మదమ్మ అని ఆడపిల్లల బడి పంతులమ్మ ఉన్నది. అక్కకు ఆమెకు మంచి సోపతి కుదిరింది. నువ్వు రుద్రప్రయాగ పోస్టాఫీసు పేరు మీద జవాబు రాయి. కేదారం నుంచి మల్లంగ తీసుకుంట.

ఇట్లు,
నీ కాలు ఎప్పుడు పడ్తదా అని గడప దిక్కు సూసే బామ్మర్ది
రాజం

తా.క. అక్క మోకాలు జర పట్టేసింది. సట్టిల ఎచ్చగ పండితె నిమ్మలమైతది అంటుంది.


లక్సెట్టిపేట
22 మే

సుల్తానాబాద్ దర్జీ రాజంకు లింగమూర్తి రాయునది.

నీకు జవాబు రాయొద్దనే అనుకున్న. నా ఇంటిది నీ ఎంబడి ఉన్నది కాబట్టి రాస్తున్న. ఎడ్లు మంచిగున్నయి.

నీ ఉత్తరం అరుగు మీద కూసొని గట్టిగ సదివిన. అదే తప్పైంది. ‘సట్టిల ఉంటం’ అన్న కాడ మా అవ్వ ఆపి, మల్ల సదువుమన్నది. మల్ల సదివిన. మూతి చిన్నది, లోపల నల్లగ, మీద గడ్డి కప్పిండ్రు, పొయ్యి ముట్టిచ్చిండ్రు అనంగనె రొమ్ము గుద్దుకున్నది. ‘ఇది కుమ్మరి ఆము కదరా, నా కోడలిని సట్టిల కూసోబెట్టి కాలుస్తుండ్రు’ అని ఒకటే ఏడుపు. వాడకట్టంత జమైంది. కుమ్మరి కైలాసాన్ని పిలిపిచ్చి అడిగిన. పదిహేను మంది పట్టే సట్టి మా తాత ముత్తాతలు గూడ చెయ్యలే, అయినా ఆ కొండల మన్ను ఎసొంటిదో నాకేం ఎరుక అని తల గోక్కున్నడు.

రాజం, నేను సూటిగ అడుగుత. సట్టి అంటె సట్టియేనా? ఎంత పెద్దది? మోకాలు పట్టేసిన మనిషి అండ్లకు ఎట్ల దిగుతది, ఎట్ల ఎక్కుతది? కాయితం మీద రాసినదాన్ని నేను నమ్ముత. అది నా గుణం, నీకు బాగ ఎరుక. అందుకే ముందే చెప్తున్న. గిది పరాశికమైతె పరాశికం అని రాయి, నేనేమన. గని ఆమె మోకాలి ముచ్చటల నాతోని ఆడుకోకు. నిజం రాస్తె గంగపూజ సంగతి ఆలోచిస్త.

ఇట్లు,
లింగమూర్తి

తా.క. ఆ కుక్క కరుస్తదా? అవ్వ అడుగుమన్నది.


రుద్రప్రయాగ
2 జూన్

మా బంగారు బావకు, రాజం రెండు చేతులు ఎత్తి పెట్టే శనార్తులు.

మూడేండ్లకు నీ చేతిరాత సూసిన. పోస్టాఫీసు ముంగటనే కూసొని నాలుగుసార్లు సదువుకున్న. నీకు సత్తెంగ రాస్తున్న బావా. సట్టి అంటె సట్టియే.

మన వడ్ల గుమ్మికి మూడింతలుంటది. బయట ఒక నిచ్చెన, లోపల ఒక నిచ్చెన. పొద్దుగూకంగనె సట్టాయన పేర్లు పిలుస్తడు. బొర్రలున్నోల్లు ముందు దిగాలె, బక్కోల్లు ఎన్క సందులల్ల సర్దుకోవాలె. అడుగున బూడిద పోసి దాని కింద నిప్పులు పరుస్తడు. అందరు దిగినంక మీద మూత పెడ్తడు. మూతకు ఒక బొక్క ఉంటది. దాని కింద పండినోనికి చుక్కలు కనవడ్తయి, అందుకని ఆ జాగ కోసం రోజు కొట్లాటనే. మొదటి దినం ఉడికిపోతమని భయపడ్డ. కాదు బావా. సల్లటి పొద్దుల కుండల అడుగు మెతుకు ఎంత సుఖపడ్తదో నాకు ఈడనే తెల్సింది.

ఇగ నువ్వడిగిన మోకాలు. మూడు దినాలు సట్టిల పండంగనె నాలుగో దినం అక్క నిచ్చెన టకటక ఎక్కి బయటికి దుంకింది. డోలీ అద్దన్నది. కేదారం దాకా మా అందరికి ముందు నడిచింది. ఈ కొండలల్ల ముసలోల్లకు మోకాళ్ల నొప్పులంటె ఏందో ఎరుకే లేదట, సట్టి మహిమ. ఫికర్ చెయ్యకు.

ఈపారి జోషీమఠ్ పోస్టాఫీసుకు రాయి. గంగపూజ మాట మర్వకు.

ఇట్లు,
ఉడికి మెత్తబడ్డ నీ బామ్మర్ది
రాజం

తా.క. కుక్క కరువది. నేను రాస్తుంటె అక్క ‘ఎందుకు నవ్వుతున్నవ్‌రా’ అని అడిగింది. సలికి పండ్లు బయటవడ్డయి అని చెప్పిన. ఈ కలం నర్మదమ్మది. ఆమె గూడ ఏదో రాసేది ఉన్నదట, జల్ది ఇయ్యుమంటుంది. అందుకే ఇంతటితోని ఆపుతున్న.


లక్సెట్టిపేట
12 జూన్

చిరంజీవి రాజంకు నీ బావ మనసార పెట్టే దీవెనలు. నూరేండ్లు సట్టిల చల్లగ, కాదు కాదు, ఎచ్చగ బతుకు.

నీ ఉత్తరం సదివి నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆమె నడిచిందా? డోలీ అద్దన్నదా? పదేండ్ల సంది ఆమె మోకాలికి నేను చెయ్యని మందు లేదు. ఆముదం కాసిన, వాయిలాకు కట్టిన, ఎందరి కాళ్లు మొక్కిన. నువ్వు ఇరువై దినాలల్ల నయం చేయిస్తివి. మూడేండ్ల కోపం గా మోకాలు నొప్పి ఎటు పోయిందో అటే పోయింది.

ఇగ విను. కైలాసంతోని సట్టి చేయిస్తున్న. అంత పెద్దది సారె మీద తిరుగదట. మా వాకిట్లనే గోదారి ఒండ్రు కుప్పపోసి, వరుసెనుక వరుస చేత్తోనే ఎత్తుతుండు. దర్వాజల పట్టది కాబట్టి ఆము గూడ వాకిట్లనే పెడ్తం. మిషన్ దవాఖాన కంపౌండరు అహరోను వచ్చి చుట్టు తిరిగి సూసిండు. కాపడం మోకాళ్లకు మంచిదే, గని సట్టి సంగతి మా పుస్తకంల లేదు అన్నడు. లేకుంటె రాసుకో అన్న. ఇప్పటికి పదకొండు మంది మోకాళ్ల నొప్పులోల్లు పేర్లు రాయించుకున్నరు. ఊల్లె నన్ను మెడలు లింగమూర్తి అనుడు బంద్ చేసిండ్రు. పెద్దమనిషి అంటుండ్రు.

28వ తారీకు శుక్రవారం మంచిగున్నది. మొదలు అవ్వను దించుదామనుకుంటున్న. డెబ్బై అయిదేండ్ల మోకాళ్లు. ఆమెకు నయమైతె నీ పేరు చెప్పుకొని గంగపూజకు నడిచే వస్తది.

ఇట్లు,
నీకు జన్మంత బాకీ ఉన్న బావ
లింగమూర్తి

తా.క. అడుగున పరిచే నిప్పులు తుమ్మకట్టెవా, చింతకట్టెవా రాయలేదు నువ్వు. నీ జవాబు వచ్చేసరికి శుక్రవారం దాటుతది గనుక చింతవే ఏస్త. అవి ఎక్కువసేపు ఉంటయి.


జోషీమఠ్
27 జూన్

బావా, నీ కాళ్లు పట్టుకొని రాస్తున్న. ఈపారి శనార్తి పెట్టే మొఖం గూడ లేదు.

నా తార్ నీకు ఈపాటికి అంది ఉంటది. నీ ఉత్తరం సదివి, చింతకట్టె అన్న కాడికి రాంగనె దిగ్గున లేచిన. అత్తను నిప్పుల మీద పెడ్తవా బావా. ఉరికి ఉరికి తార్ ఆఫీసుకు పోయిన. ఆడి బాబుకు తెలుగు రాదు. నర్మదమ్మతోని రాయిద్దమంటె ఏమని చెప్పాలె ఆమెకు, సిగ్గైంది. నాకచ్చిన నాలుగు ఇంగ్లీషు అచ్చరాలతోని ‘సట్టి దిగకు’ అని తెలుగు మాటనే గీకి ఇచ్చిన. బాబు అది సూసి, ఇది ఏ దేవుని పేరు అని అడిగిండు.

ఇగ నిజం. ఈల్లు ‘చట్టీ’ అంటరు. యాత్రకు పోయేటోల్లు పొద్దుగూకి ఆగే గుడిసె. రాళ్ల గోడలు, గడ్డి కప్పు, వంగి దూరే తలుపు. నా నోటికి చ తిరుగది, సట్టి అని వచ్చింది. మొదటి ఉత్తరంల నేను రాసిందంత నిజమే బావా, నువ్వు కుండ అనుకుంటివి. రెండో ఉత్తరంల రాసిందంత అబద్ధం. ఆ నిచ్చెన లేదు, మూత లేదు, ఆ బొక్క లేదు. పరాశికమైతె పరాశికం అని రాయుమని నువ్వు అడిగినవ్. రాద్దమనే కలం పట్టుకున్న. పట్టుకోంగనె చెయ్యి దురద పెట్టింది. నాలుగో తరగతిల ఇదే దురదకు పంతులు నన్ను బడి నుంచి ఎల్లగొట్టిండు.

అక్క మోకాలు నయం కాలే. కేదారం దిగంగనె వాచి గుమ్మడికాయంత అయింది. ఈడ పది దినాలు గదిల కూసున్నం. నేను ఆమె కాలుకు నూనె రాసుకుంట, నువ్వు సంబురపడి రాసిన కాయితం జేబుల పెట్టుకొని తిరిగిన. ‘మీ బావ ఏం రాసిండు, సదువు’ అంటది. ఎడ్లు మంచిగున్నయట అని చెప్పిన. ‘రెండు పుటలు ఎడ్ల గురించే రాసిండా’ అన్నది. అవునన్న. ఆమె నా మొఖం దిక్కు సూస్తె నేను నూనె గిన్నె దిక్కు సూసిన.

మూడు దినాల కింద డోలీల ఎక్కిచ్చుకొని పోయి బద్రి దర్శనం చేయిచ్చిన. కాశిల కాయో పండో వదిలినట్టు అందరు ఆడ ఒక్కొక్కటి వదిలిండ్రు. అక్క కాకరకాయ వదిలింది. నేను పరాశికం వదిలిన. నీల్లల్ల మునిగి, నోరు తెరిచి చెప్పిన. పక్కపొంటి మునిగినాయన ‘అదేం కూరగాయ’ అని అడిగిండు.

జవాబు హరిద్వార్ ధర్మశాలకు రాయి. అత్త ఎట్లున్నది, ఆ ఒక్క మాట రాయి సాలు.

ఇట్లు,
మొఖం సూపెట్టలేని
రాజం

తా.క. ఏ కట్టె నిప్పులు గూడ అద్దు.


లక్సెట్టిపేట
6 జూలై

దర్జీ రాజంకు.

అవ్వ మంచిగున్నది. నీకు కావల్సిన ఒక్క మాట అయిపోయింది. నాకు కావల్సినయి ఇప్పుడు చెప్త.

ముసలిదాన్ని బతికుండంగనె కాలుస్తర్రా, ముందు నువ్వు దిగు, నువ్వు ఉడుకకుంటె నేను దిగుత అన్నది అవ్వ. అది నాయమే అనిపిచ్చింది. శుక్రవారం దాకా ఎందుకని సోమవారం పొద్దుగాల నేనే దిగిన. నిచ్చెన తీసిండ్రు. పదకొండు మంది చుట్టు నిలవడ్డరు. జర ఎచ్చగ, మంచిగనే ఉండె. అప్పుడే తార్ వచ్చింది. తార్ అంటె చావు కబురనుకొని అందరు లబలబలాడిండ్రు. అహరోను ఇప్పి, కూడబలుక్కొని గట్టిగ సదివిండు. సట్టి దిగకు.

అందరం నిమ్మలపడ్డం. ఎంత ముందుసూపురా నా బామ్మర్దికి, సరిగ్గ నేను ఎక్కి కూసున్నప్పుడే చెప్పిండు, ఏదో పట్టింపు ఉంటది, మల్ల చెప్పేదాకా దిగొద్దంటుండు అనుకున్న. దిగలే. నిప్పులు మాత్రం తీయించిన. పగటీలి చెంబుల గట్క పోసి తాడు కట్టి దించిండ్రు. మాపటీలి వాన వచ్చింది. సట్టిల నీల్లు నిండుతుంటె అవ్వ గొడుగు పట్టింది. దిగుమని ఇంకో తార్ వస్తదేమొ అని మంగళవారం మాపటి దాకా సూసిన. అప్పటికి కాళ్లు తిమ్మిరెక్కినయి, నడుం పట్టేసింది, ఎక్కుదామంటె ఎక్కొస్తలేదు. ఆఖరికి కైలాసం ఏడ్సుకుంట రోకలి తెచ్చి సట్టి పలగ్గొట్టిండు. నేను ముక్కల నడుమ, తడిసిన బట్టలతోని, ఊరందరి ముంగట కూసొని ఉన్న.

అయినా నిన్ను ఒక్క మాట అననియ్యలే. రాజం రాసిండంటె నిజమే, మనమే ఏదో తప్పు చేసినం అన్న. నిన్న నీ ఉత్తరం వచ్చింది.

మెడలు లింగమూర్తి పోయింది. ఇప్పుడు సట్టి లింగమూర్తి. నేను అరుగు మీద కూసుంటలేను. నన్ను పిచ్చోన్ని చేసినందుకు కాదు నా బాధ. మోకాలి ముచ్చటల ఆడుకోకు అని నేను అడిగిన. అడిగినంక గూడ ఆడుకుంటివి. గంగపూజకు నేను రాను. నా పీట ఎత్తెయ్యి.

ఇట్లు,
లింగమూర్తి

తా.క. పదకొండు మంది నీ ఇంటి పతా అడిగిండ్రు. ఇచ్చిన.


హరిద్వార్
12 జూలై

బావా,

నేను తార్ల రాసింది బాయి దిగకు అన్నట్టు. నువ్వు సదివింది బండి దిగకు అన్నట్టు. తప్పు అచ్చరాలది కాదు, నాది. ఇంకో రెండు మాటలు రాస్తె ఏంబోయేది.

నీ ఉత్తరం జేబుల పెట్టుకొని దినమంత గంగ ఒడ్డుకు కూసున్న. ఇగ దాయొద్దనుకొని మాపటీలి అక్క ముంగట పెట్టి, నేను రాసినయి, నువ్వు రాసినయి, మొత్తం ఒప్పజెప్పిన. గట్క చెంబు గూడ దాయలే. అక్క కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని భుజాలు ఎగరంగ ఏడ్సింది. రోకలి కాడికి వచ్చేసరికి నర్మదమ్మ గూడ నోరు మూసుకొని బయటికి ఉరికింది. ఇద్దరు ఆడోల్లను ఏడిపిచ్చిన. నలుబై ఆరేండ్లు వచ్చినయి నాకు.

బావా, ఊల్లోల్లు నన్ను సూడంగనె నవ్వుతరు. రాజం వస్తుండంటె ఏదో ఉంటది అని కుర్చి జరుపుతరు. నాకది గొప్ప అనిపిచ్చేది. నవ్వేటోల్ల దిక్కే సూసిన గని, ఎవన్ని సూసి నవ్వుతుండ్రో వాని దిక్కు ఎన్నడు సూడలే. నీ ఎద్దు కచ్చేరిల కాయితాలు నమిలిన దినం నేను గోడ ఎన్కనే ఉన్న. నువ్వు దాని మెడల దండ తీసి మడత పెట్టి అంగి జేబుల పెట్టుకున్నవ్. అది సూసిన. సూసి గూడ నవ్విన. మూడేండ్ల సంది మనసుల మెదిలేది అదే. తప్పైంది బావా. ఎద్దు తప్పు, సట్టి తప్పు, రెండు నావే.

గంగపూజకు నువ్వు రాకుంటె నేను చెయ్య. రైలు దిగి ఇంటికి పోను. మంచిర్యాలల దిగి గంగ చెంబు నెత్తిన పెట్టుకొని లక్సెట్టిపేట దాకా నడిచి వస్త. నీ అరుగు ముంగట నిలవడి పదకొండు మందికి, వాళ్లతోని వచ్చినోల్లకు నా నోటితోనే చెప్త. నన్నే సట్టి రాజం అని పిలువుమను. కాశిల తొమ్మిది నిద్రలు చేసి బయలెల్లుతం. తిట్టేది ఉంటె కాశి ధర్మశాలకు రాయి.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్న
రాజం

తా.క. ఈడ నవ్వులాటకు ఏదో ఒకటి రాసుడు నాకు అలవాటు. వదిలిన గద. ఏం లేదు.


లక్సెట్టిపేట
18 జూలై

మా ఇంటి అల్లుడసొంటి బామ్మర్ది, కాశిల ఉన్న రాజంకు, శంకరవ్వ కొడుకు లింగమూర్తి నవ్వు ఆపుకొని పెట్టే దీవెనలు.

పంతులమ్మ కలం అడుక్కొని రాసినవ్ సూడు రెండో ఉత్తరం, అది వచ్చిన దినమే, అదే సంచిల నాకు ఇంకో ఉత్తరం వచ్చింది. రాసింది నర్మదమ్మ. చెప్పింది మీ అక్క. ‘మా తమ్ముడు నీకు రాసుకుంట నవ్వుతుండు. వాడు అట్ల నవ్విండంటె ఏదో ఒక కొంప కాలుతది. నీ ఉత్తరం వాని జేబుల నుంచి తీసి పంతులమ్మతోని సదివిచ్చుకున్న. ఈడ సట్టి అంటె గుడిసె. నా మోకాలు నొప్పి అట్లనే ఉన్నది. వాడు ఏం రాసిన నమ్మినట్టే ఉండు. తప్పైంది అని కాయితం మీద పెట్టేదాకా ఇడువకు’ అని రాయించింది.

ఇగ నేను ఇడువలే. పదకొండు మంది లేరు. ఆము లేదు, రోకలి లేదు. నేను సట్టిల దిగలే. తార్ వచ్చినప్పుడు అరుగు మీద గట్క తింటున్న. అహరోను అది సదివి, దిగకు అంటె బాయి దిగకు అన్నట్టా, బండి దిగకు అన్నట్టా అని అడిగిండు. ఆన్నుంచి పుట్టింది మిగిలిన కథ. అవ్వను నిప్పుల మీద పెట్టుడు అవ్వ చెప్పిన ముచ్చటనే. చింతకట్టె గూడ ఆమెదే. మీ అక్క భుజాలు ఎగరంగ ఏడ్సింది అని రాసినవ్. ముప్పై ఏండ్ల సంది ఆమెతోని కాపురం చేస్తున్న. ఆమె ఏడిస్తె భుజాలు కదలయి.

అబద్ధాలు రాసినందుకు నాకు గూడ సిగ్గైంది రాజం. గని ఒకటి చెప్త. రాసుకుంట మస్తు నవ్విన. నీకు చెయ్యి ఎందుకు దురద పెడ్తదో ఇప్పుడు ఎరుకైంది.

ఎద్దు ముచ్చటల నువ్వు నవ్వినందుకు నేను రాకుండ లేను. ఊరంత నవ్వినంక, ఒక్కసారి నువ్వు వచ్చి తప్పైంది అంటవని సూసిన. నువ్వు నీ గడప దిక్కు సూస్తివి, నేను నా గడప దిక్కు సూస్తి. మూడేండ్లు గట్లనే పోయినయి. ఆ దండ ముచ్చట రాసినవ్ గద, అది సదివి ఉత్తరం మడత పెట్టి అదే జేబుల పెట్టుకున్న. కాయితం మీద రాసినదాన్ని నేను నమ్ముత.

మంచిర్యాలల దిగొద్దు. మీ అక్క మోకాలుతోని సక్కగ ఇంటికి పో. నేనే సుల్తానాబాద్ వస్తున్న. పీట ఎయ్యి.

ఇట్లు,
నీ బావ
మెడలు లింగమూర్తి

తా.క. ఒక్కటి మాత్రం నిజం. జోషీమఠ్ నుంచి నువ్వు నిజం రాసిన ఉత్తరం అందిన దినమే కైలాసం సట్టి మొదలు పెట్టిండు. మొన్న ఆము నుంచి తీసినం, మంచిగ మోగుతుంది. ఊరందరి కొలతలు నువ్వు తీస్తవ్ గని నీ కొలత ఎవ్వరు తియ్యలే అనుకోకు. చట్టీల నువ్వు గురకపెట్టి పండినప్పుడు మీ అక్క కొంగుతోని కొలిచి ముడులు ఏసి పంతులమ్మతోని రాయించింది. పొడుగు మూడున్నర మూరలు, బొర్ర చుట్టు రెండుంబావు. గంగపూజ దినం నీ వాకిట్ల పెడ్త. అండ్ల మెడల దాకా కూసొని, ఎద్దు ముచ్చట, సట్టి ముచ్చట వచ్చినోల్లందరికి నువ్వే చెప్పాలె. బద్రిల పరాశికం వదిలినవ్, వదిలింది మల్ల పట్టుకుంటె పాపం, నాకు జవాబియ్య రాదు. ముందుగాల బాయి దిగినట్టు దిగు. ఎన్క నేను చెప్పేదాకా, సట్టి దిగకు.